ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు: ఇచ్చిన అక్షరాలతో వెతికే పద్ధతి, అర్థాలతో సహా

ఎ, ఎల్, ఆర్ మూడూ ఉన్న ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు చెప్పమంటే చాలామంది ఆ అక్షరాలను నోట్లో తిప్పుకుంటూ ఏదో ఒకటి తట్టేదాకా చూస్తారు. రెండో మూడో తడతాయి, అక్కడితో బండి ఆగిపోతుంది. నిజానికి ఆ షరతుకు సరిపోయే పదాలు ముప్పైకి పైగా ఉన్నాయి, అవీ మనకు చాలావరకు తెలిసినవే. ఇంగ్లీషులో పలికేది ఒకటి, రాసేది మరొకటి. చెవిని నమ్ముకుని వెతికితే సగం పదాలు జారిపోతాయి. గడిని, పక్కపక్కన కూర్చునే జంట అక్షరాలను నమ్ముకుంటే వరుసగా దొరుకుతాయి. గళ్ళనుడికట్టు నింపేవారికి, వర్డల్ (ఐదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో ఊహించే ఆట), స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద పదాలు పేర్చే ఆట) ఆడేవారికి, పరీక్షల కోసం పదసంపద పెంచుకునేవారికి అందరికీ పనికొచ్చే పద్ధతి ఇదే.

ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతోనే రాస్తున్నాం: ఎ, బి, సి, డి, ఇ అని మొదలై జెడ్ దాకా. స్పెల్లింగ్ చూపాల్సిన చోట అక్షరాల మధ్య గీత పెడుతున్నాం. ఉదాహరణకు పానిక్ అంటే పి-ఎ-ఎన్-ఐ-సి. చదువుతూ పక్కన కాగితం మీద ఆ పదాన్ని ఇంగ్లీషులో రాసుకుంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ముందు షరతును సరిగ్గా చదవాలి

"ఈ అక్షరాలు ఉన్న పదం" అనే మాటకు నాలుగు అర్థాలున్నాయి. ఏది అడిగారో చూసుకోకపోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి. టి, ఆర్, ఎ అనే మూడు అక్షరాలనే తీసుకుందాం.

ఎక్కడైనా ఉంటే చాలు అన్నారనుకోండి. హార్ట్ (హెచ్-ఇ-ఎ-ఆర్-టి, గుండె), అయోర్టా (ఎ-ఓ-ఆర్-టి-ఎ, బృహద్ధమని) రెండూ సరిపోతాయి. అదే క్రమంలో ఉండాలి, మధ్యలో వేరేవి రావచ్చు అంటే ఆ రెండూ పోతాయి, టియారా (టి-ఐ-ఎ-ఆర్-ఎ, తల మీద పెట్టుకునే రత్నాల పట్టీ) నిలుస్తుంది. పక్కపక్కన అతుక్కునే ఉండాలి అంటే టియారా కూడా పోయి ఎక్స్‌ట్రా (ఇ-ఎక్స్-టి-ఆర్-ఎ, అదనం), అల్ట్రా (యు-ఎల్-టి-ఆర్-ఎ, మితిమీరిన), స్ట్రే (ఎస్-టి-ఆర్-ఎ-వై, దారి తప్పిన) మిగులుతాయి. ఇక ఆ మూడు అక్షరాలు తప్ప వేరేవి ఉండకూడదంటే పని గట్టిది. దానికి చక్కటి జవాబు అట్టర్ (ఎ-టి-టి-ఎ-ఆర్), మన అత్తరే.

ఈ చివరి రకంలో ఇంకొక ప్రశ్న ఉంటుంది: ఒకే అక్షరాన్ని రెండుసార్లు వాడవచ్చా? స్పెల్లింగ్ బీ తరహా ఆటలో ఏడు అక్షరాలిచ్చి ఎన్నిసార్లయినా వాడుకోమంటారు, మధ్యలోని అక్షరం మాత్రం తప్పనిసరి. స్క్రాబుల్‌లో చేతిలో ఒక్క టి ఉంటే ఒక్కసారే. బోర్డు మీద ఇంకో టి దొరికితేగానీ, లేదా ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళ ఉంటేగానీ అత్తరు కుదరదు.

ఐదు గడులు గీసి, చివరి నుంచి మొదలుపెట్టండి

కాగితం మీద ఐదు గడులు గీయండి. స్థానం తెలిసిన అక్షరాన్ని దాని గడిలో రాయండి. ఉందని తెలిసి, చోటు తెలియని అక్షరాలను పైన రాయండి. వాటి కింద "ఈ గడిలో కాదు" అని గడి సంఖ్య వేసుకోండి. లేవని తేలినవి పక్కన కొట్టేయండి. ఇదంతా మనసులో పెట్టుకోగలం అనిపిస్తుంది కానీ మూడో ప్రయత్నానికల్లా "ఈ గడిలో కాదు" అన్న సమాచారం మరిచిపోతాం. ఎక్కువ ఆటలు చెడేది ఇక్కడే.

తర్వాత పదం తోకను ఊహించండి. ఐదక్షరాల పదాలకు తలలు చాలా రకాలు, తోకలు మాత్రం కొన్నే. వర్డల్ మొదలైనప్పుడు దాని జవాబుల జాబితాలో 2,315 పదాలుండేవి. వాటిలో 424 పదాలు ఇ తో, 364 పదాలు వై తో, 253 పదాలు టి తో, 212 పదాలు ఆర్ తో ముగుస్తాయి. అంటే సగానికి పైగా పదాలు ఈ నాలుగు అక్షరాలతోనే ముగుస్తున్నాయి.

మొదట అడిగిన ఎ, ఎల్, ఆర్ తో చేసి చూద్దాం. తోకలో ఎ-ఎల్ పెట్టండి, మిగిలిన మూడు గడుల్లో ఆర్ ఎక్కడో ఒకచోట కూర్చోవాలి: మోరల్ (నైతిక, నీతి), రూరల్ (గ్రామీణ), రాయల్ (రాచరికపు), రైవల్ (పోటీదారు), రీగల్ (రాజసమైన), కోరల్ (పగడం), ట్రయల్ (విచారణ, ప్రయోగాత్మక పరీక్ష). ఇప్పుడు తోకను ఎ-ఆర్ చేయండి: సోలార్ (సూర్యునికి చెందిన), లూనార్ (చంద్రునికి చెందిన), పోలార్ (ధ్రువానికి చెందిన), మోలార్ (దవడ పన్ను), ఆల్టర్ (ఎ-ఎల్-టి-ఎ-ఆర్, బలిపీఠం). తోక ఎ-ఐ-ఎల్ అయితే ట్రెయిల్ (కాలిబాట, జాడ), ఫ్రెయిల్ (బలహీనమైన). ఎ-డబ్ల్యూ-ఎల్ అయితే క్రాల్ (పాకు), బ్రాల్ (వీధి కొట్లాట), డ్రాల్ (సాగదీస్తూ మాట్లాడు). ఎల్-ఎ-ఆర్-ఇ అయితే గ్లేర్ (కళ్ళు జిగేల్మనే వెలుగు, గుడ్లురిమి చూడటం), ఫ్లేర్ (భగ్గున మండు), బ్లేర్ (చెవులు అదిరేలా మోగు). ఎ-ఆర్-ఎల్ అయితే స్నార్ల్ (పళ్ళు చూపిస్తూ గుర్రుమను), నార్ల్ (జి-ఎన్-ఎ-ఆర్-ఎల్, చెట్టు మాను మీది ముడి), పెర్ల్ (పి-ఇ-ఎ-ఆర్-ఎల్, ముత్యం). తోకలు అయిపోయాక తల వైపు వస్తే ఎల్-ఎ-ఆర్ తో లార్వా (డింభకం), లార్జ్, లార్గో (సంగీతంలో బాగా నిదానమైన గతి) దొరుకుతాయి.

ఇక్కడ ఆల్టర్ దగ్గర కాసేపు ఆగాలి. బలిపీఠం అయితే నాలుగో గడిలో ఎ. మార్చు అనే అర్థంలో అయితే నాలుగో గడిలో ఇ. రెండూ ఒకేలా పలుకుతాయి, రెండూ మన షరతుకు సరిపోతాయి. చెవి ఒక పదాన్నే లెక్కేస్తుంది, గడి రెండింటినీ పట్టిస్తుంది.

చెవి మోసం చేసే చోట్లు

తెలుగులో పలికిన అక్షరం రాస్తాం, రాసింది పలుకుతాం. ఆ అలవాటుతో ఇంగ్లీషు గడుల్లోకి వెళితే మొదట తప్పిపోయేవి పలకని అక్షరాలున్న పదాలు. ఇవి విడి విడిగా కాక జట్లుగా గుర్తుపెట్టుకుంటే తేలిక.

కె-ఎన్ తో మొదలైతే కె పలకదు: నాక్ (తట్టు), నీల్ (మోకరిల్లు), నోల్ (కె-ఎన్-ఓ-ఎల్-ఎల్, చిన్న గుట్ట), నెల్ (కె-ఎన్-ఇ-ఎల్-ఎల్, చావు గంట). డబ్ల్యూ-ఆర్ లో డబ్ల్యూ పలకదు: రాంగ్, రైట్ (రాయు), రిస్ట్ (మణికట్టు), రాత్ (డబ్ల్యూ-ఆర్-ఎ-టి-హెచ్, ఆగ్రహం). జి-ఎన్ లో జి పలకదు: న్యాష్ (జి-ఎన్-ఎ-ఎస్-హెచ్, పళ్ళు పటపట కొరుకు). పదం చివర ఎం-బి వస్తే బి మూగ: థమ్ (బొటనవేలు), క్రమ్ (రొట్టె తునక), ప్లమ్ (పి-ఎల్-యు-ఎం-బి, నిలువు గుండుతో కొలుచు). ఇ-ఐ-జి-ఎన్ తోకలో జి మూగ: రెయిన్ (ఆర్-ఇ-ఐ-జి-ఎన్, పాలన), ఫెయిన్ (నటించు), డెయిన్ (నా స్థాయికి తగదులే అనుకుంటూనే ఒప్పుకొను). ఆర్-హెచ్ లో హెచ్ మూగ: రైమ్ (ప్రాస), రైనో. ఐల్ (ఎ-ఐ-ఎస్-ఎల్-ఇ, కుర్చీల వరుసల మధ్య నడవ), సోర్డ్ (ఎస్-డబ్ల్యూ-ఓ-ఆర్-డి, కత్తి), డౌట్ (డి-ఓ-యు-బి-టి) విడిగా గుర్తుంచుకోవాల్సినవి.

ఓ-యు-జి-హెచ్ మరీ పెద్ద చిక్కు. టఫ్, రఫ్ లలో అది "అఫ్", కాఫ్ (దగ్గు) లో "ఆఫ్", డో (డి-ఓ-యు-జి-హెచ్, కలిపిన పిండి ముద్ద) లో "ఓ", బౌ (బి-ఓ-యు-జి-హెచ్, చెట్టు కొమ్మ) లో "అవ్". నాలుగు పలుకులకు ఒకే తోక.

ఇంకో సంగతి: "క" శబ్దం వినబడితే సి, కె, సి-కె, సి-హెచ్, క్యూ అన్నింటినీ గడిలో వేసి చూడాలి. "ఫ" అంటే ఎఫ్, పి-హెచ్, జి-హెచ్. "జ" అంటే జె, జి, జెడ్. ఒకటి కుదరకపోతే పదం లేదనుకోకండి, రెండోది పెట్టి చూడండి.

అరుదైన అక్షరాలు వస్తే భయం వద్దు

క్యూ, జె, ఎక్స్, జెడ్ వచ్చాయంటే చాలామంది నీరుగారిపోతారు. నిజానికి అవి అదృష్టం. పైన చెప్పిన 2,315 పదాల్లో ఇ 1,233 సార్లు, ఎ 979 సార్లు వస్తే, జెడ్ 40, ఎక్స్ 37, క్యూ 29, జె 27 సార్లే వస్తాయి. ఇ ఉందని తెలిస్తే ఇంకా వెయ్యి పదాలు మిగులుతాయి. జె ఉందని తెలిస్తే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. స్క్రాబుల్‌లో క్యూ, జెడ్‌లకు పదేసి పాయింట్లు, జె, ఎక్స్‌లకు ఎనిమిదేసి ఇవ్వడానికి మూలం కూడా ఈ అరుదుతనమే. ఆ ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి బిళ్ళల సంఖ్య, విలువ నిర్ణయించాడు.

క్యూ ఉంటే దాని పక్క గడిలో యు రాసేయండి. ఆ తర్వాత ఎక్కువగా ఇంకో అచ్చు వస్తుంది. అంటే క్యూతో మొదలయ్యే పదంలో మూడు గడులు దాదాపు నిండినట్టే. క్వైట్ (క్యూ-యు-ఐ-ఇ-టి, నిశ్శబ్దం), క్వైట్ (క్యూ-యు-ఐ-టి-ఇ, బాగా, పూర్తిగా), క్వెల్ (అణచివేయు), క్వాష్ (తీర్పును లేదా ఉత్తర్వును కొట్టివేయు), క్వామ్ (క్యూ-యు-ఎ-ఎల్-ఎం, తప్పు చేస్తున్నామేమోనన్న మనసులోని గుబులు), క్వర్క్ (వింత అలవాటు), క్విల్ (ఈక కలం), క్విల్ట్ (బొంత), క్వెయిల్ (కౌజు పిట్ట, క్రియగా అయితే జంకు). క్యూ మొదట్లో లేకపోతే రెండో గడి చూడండి: ఈక్వల్, ఎక్విప్ (సమకూర్చు), స్క్వాడ్, స్క్వాట్ (గొంతుక్కూర్చొను), స్క్విబ్ (చిన్న టపాకాయ, వ్యంగ్య వ్యాఖ్య). మూడో గడిలో అయితే పీక్ (పి-ఐ-క్యూ-యు-ఇ, చిన్నబుచ్చుకున్న కోపం, ఆసక్తి రేపు).

యు లేని క్యూ పదాలు స్క్రాబుల్‌లో ప్రాణం నిలబెడతాయి. చాలావరకు అరబీ, పారశీకాల నుంచి వచ్చినవి కాబట్టి మన చెవికి కొత్త కూడా కావు: ఫకీర్ (ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్), తలాక్ (టి-ఎ-ఎల్-ఎ-క్యూ), నికాబ్ (ఎన్-ఐ-క్యూ-ఎ-బి), కిబ్లా (క్యూ-ఐ-బి-ఎల్-ఎ, నమాజుకు అభిముఖంగా నిలిచే దిక్కు), కనాత్ (క్యూ-ఎ-ఎన్-ఎ-టి, భూగర్భ నీటి కాలువ).

జె చాలావరకు మొదటి గడిలోనే ఉంటుంది, చివరి గడిలో దాదాపు ఎప్పుడూ ఉండదు. జాయింట్, జడ్జ్ కాక జాంట్ (సరదా ప్రయాణం), జాయిస్ట్ (నేలను లేదా కప్పును మోసే దూలం), జురర్ (న్యాయ నిర్ణేతల మండలి సభ్యుడు) చూసుకోండి. మొదట్లో కాకపోతే ఎజెక్ట్ (బయటికి నెట్టు), ఫ్యోర్డ్ (ఎఫ్-జె-ఓ-ఆర్-డి, నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), ఎంజాయ్, మేజర్, నింజా, బాంజో. ఇంతకు మించి రోజువారీ పదాలు పెద్దగా లేవు.

ఎక్స్ కు జె కు ఉన్నంత మొండితనం లేదు. రెండో గడిలో ఇ తర్వాత ఎక్కువ: ఎగ్జాల్ట్ (పొగిడి ఎత్తు), ఎక్స్‌టోల్ (కొనియాడు), ఎగ్జల్ట్ (ఇ-ఎక్స్-యు-ఎల్-టి, సంతోషంతో ఉప్పొంగు), ఎగ్జైల్ (దేశ బహిష్కారం). ఎగ్జాల్ట్, ఎగ్జల్ట్ రెండింటికీ తేడా మూడో గడిలో ఎ, యు మాత్రమే. అర్థాలు కూడా దగ్గర దగ్గరగా ఉండటంతో తరచూ తారుమారు చేస్తారు. ఇతరులను ఎత్తితే ఎ, తాను ఉప్పొంగితే యు. చివరి గడిలో ఎక్స్: హీలిక్స్ (మెలి తిరిగిన ఆకారం), లేటెక్స్ (రబ్బరు పాలు), అనెక్స్ (కలుపుకొను, అనుబంధ భవనం). మొదటి గడిలో అరుదు: జెనాన్ వాయువు, జైలమ్ (ఎక్స్-వై-ఎల్-ఇ-ఎం, మొక్కల్లో నీటిని పైకి మోసే దారువు).

జెడ్ ఎక్కువగా నాలుగో గడిలో, ఇ ముందు ఉంటుంది: బ్లేజ్ (పెద్ద మంట), గ్రేజ్ (మేయు, గీసుకుపోవు), మెయిజ్ (మొక్కజొన్న), సీజ్ (ఎస్-ఇ-ఐ-జెడ్-ఇ, స్వాధీనం చేసుకొను). లేదా రెండు జెడ్‌లు పక్కపక్కన: డిజ్జీ (తల తిరుగుతున్న), ఫజ్జీ (మసకగా ఉన్న). టోపాజ్ (పుష్యరాగం), వాల్ట్జ్ (మూడు లెక్కల తాళపు జంట నాట్యం) వంటివి తక్కువ.

అచ్చులు మరీ ఎక్కువైనా, అసలే లేకపోయినా

నాలుగు అచ్చులున్న ఐదక్షరాల పదాలు తేలిగ్గా గుర్తుండేన్నే: ఆడియో, అడ్యూ (ఎ-డి-ఐ-ఇ-యు, వీడ్కోలు), క్యూ (క్యూ-యు-ఇ-యు-ఇ, వరుస), ఈరీ (ఇ-ఇ-ఆర్-ఐ-ఇ, ఒళ్ళు జలదరించేంత వింతైన), ఏరీ (ఎ-ఇ-ఆర్-ఐ-ఇ, ఎత్తైన చోట డేగ కట్టుకున్న గూడు), అయోలీ (ఎ-ఐ-ఓ-ఎల్-ఐ, వెల్లుల్లి కలిపిన చిక్కటి సాస్). స్క్రాబుల్ చేతిలో అచ్చులు పేరుకుపోయినప్పుడు ఇవి వదిలించుకునే దారి.

ఎ, ఇ, ఐ, ఓ, యు ఐదూ కుదరవని తేలితే అచ్చు పని వై చేస్తోందని అర్థం. నింఫ్ (వనదేవత), లింఫ్ (శోషరసం), గ్లిఫ్ (చెక్కిన గుర్తు), క్రిప్ట్ (చర్చి కింది సమాధి గది), ట్రిస్ట్ (రహస్యంగా కలుసుకునేందుకు చేసుకున్న ఏర్పాటు), మర్ (ఎం-వై-ఆర్-ఆర్-హెచ్, బోళం), వ్రైలీ అని రాసి రైలీ అని పలికేది (డబ్ల్యూ-ఆర్-వై-ఎల్-వై, పెదవి విరుస్తూ). వై కూడా లేని పదం ఒకటుంది: క్రూథ్ (సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్), వేల్స్ ప్రాంతపు తంత్రీ వాద్యం. అక్కడ డబ్ల్యూ అచ్చుగా పనిచేస్తుంది.

అవే ఐదు అక్షరాలు, వేరే పదం

అక్షరాలను వరుసలో రాస్తే కళ్ళకు ఒకే పదం కనిపిస్తూ ఉంటుంది. వాటిని గుండ్రంగా రాయండి, అచ్చులను లోపల, హల్లులను బయట. ఆ పాత పదం పట్టు వదిలేస్తుంది. తర్వాత ఎస్-టి, టి-ఆర్, సి-ఆర్, బి-ఆర్, జి-ఎల్, టి-హెచ్ వంటి జంటలను ఒక్కొక్కటిగా తలలో పెట్టి చూడండి.

ఏంజెల్ (దేవదూత) అక్షరాలతో యాంగిల్ (కోణం), గ్లీన్ (పరిగె ఏరు, కొంచెం కొంచెంగా సమాచారం సేకరించు) వస్తాయి. ఎల్బో (మోచేయి) తో బిలో (కింద), బవెల్ (పేగు). ట్రేస్ (జాడ) తో రియాక్ట్ (స్పందించు), క్రేట్ (చెక్క పెట్టె), కేటర్ (అవసరాలు తీర్చు), క్యారెట్ (సి-ఎ-ఆర్-ఇ-టి, రాతలో వదిలేసిన మాటను ఇక్కడ చేర్చమని చూపే గుర్తు, తినేదానిలో ఆర్ రెండు, అక్షరాలు ఆరు). స్టేక్ (పందెం, పాతిన కర్ర) తో స్కేట్, స్టేక్ (ఎస్-టి-ఇ-ఎ-కె, మాంసపు ముక్క). బ్రేక్ (ఆపే పరికరం) తో బ్రేక్ (విరుచు), బేకర్. డైరీ, డెయిరీల్లో మధ్యనున్న రెండు అచ్చులు చోటు మార్చుకుంటాయి, అంతే. పరీక్షల్లో స్పెల్లింగ్ తప్పులు ఎక్కువగా పడేది ఇలాంటి జతల్లోనే కాబట్టి, ఒక పదం నేర్చుకున్నప్పుడే దాని తోబుట్టువులను కూడా రాసుకోవడం మంచిది.

రంగుల ఆటలో

జాష్ వార్డిల్ తయారుచేసిన వర్డల్ 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనుక్కుంది. ఐదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. ఆకుపచ్చ అంటే అక్షరమూ గడీ సరి, పసుపు అంటే అక్షరం ఉంది కానీ గడి వేరు, బూడిద అంటే లేదు.

బూడిద గురించి ఒక సవరణ. స్పీడ్ అని వేశారు, జవాబు అబైడ్ (ఎ-బి-ఐ-డి-ఇ, సహించు, కట్టుబడి ఉండు) అనుకోండి. స్పీడ్‌లోని మొదటి ఇ పసుపు, రెండో ఇ బూడిద వస్తాయి. ఇ లేదని దాని అర్థం కాదు, రెండో ఇ లేదని అర్థం. ఒకే అక్షరం రెండు రంగుల్లో కనిపిస్తే "ఒక్కటే ఉంది" అని రాసుకోండి.

మొదటి పదంగా అడ్యూ వేసేవారు చాలామంది. అచ్చులు తెలుస్తాయి నిజమే, కానీ పదాన్ని ఖరారు చేసేవి హల్లులు. ఎస్, ఎల్, టి, ఆర్, ఎన్, సి వంటి తరచూ వచ్చే హల్లులు మూడు, అచ్చులు రెండు ఉన్న స్లేట్, క్రేన్, ట్రేస్ అంతకన్నా మెరుగు.

ఒక ఆట చూద్దాం. స్లేట్ వేస్తే ఎ పసుపు, మిగతావన్నీ బూడిద. మూడో గడిలో ఎ లేదని తేలింది. రెండో ప్రయత్నం రెయినీ (ఆర్-ఎ-ఐ-ఎన్-వై): ఎ ఆకుపచ్చ, ఐ, ఎన్ పసుపు, ఆర్, వై బూడిద. అంటే రెండో గడి ఎ. ఐ మూడో గడిలో కాదు, ఎన్ నాలుగో గడిలో కాదు. ఎన్ మూడులో, ఐ నాలుగులో పెడితే పానిక్ (కంగారు), మానిక్ (ఉన్మాదపు), మేనియా (పిచ్చి మక్కువ). ఐ నాలుగులో, ఎన్ ఐదులో పెడితే క్యాబిన్. నాలుగూ సరిపోతున్నాయి. ఇక్కడ పానిక్ వేయడం మేలు. అదే జవాబైతే సరేసరి. పి ఒక్కటే బూడిదైతే మానిక్. పి, సి రెండూ బూడిదైతే మేనియా. సి, ఎన్ పసుపైతే క్యాబిన్. ఒక్క దెబ్బకు నాలుగూ విడిపోతాయి. క్యాబిన్ వేస్తే పానిక్, మానిక్ రెండింటికీ ఒకే రంగులు వస్తాయి, అది అంత మంచి ఎత్తు కాదు.

పెద్ద ఉచ్చు వేరే ఉంది. చివరి నాలుగు గడులు ఐ-జి-హెచ్-టి ఆకుపచ్చ వచ్చాయి. ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ ఎనిమిదీ నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటే వేస్తూ పోతే ఆరు ప్రయత్నాలూ ఖర్చయిపోతాయి. గెలవని పదం ఒకటి కావాలని వేయండి: ఫిల్మ్స్ (ఎఫ్-ఐ-ఎల్-ఎం-ఎస్). ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగింటి సంగతి ఒకేసారి తేలుతుంది. అవేవీ కాకపోతే ఎంటర్ (ఇ-ఎన్-టి-ఇ-ఆర్): ఇ, ఎన్, ఆర్‌లలో ఏది వెలిగితే అదే, ఏదీ వెలగకపోతే టైట్. ఎ-టి-సి-హెచ్ తోక (బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్) వచ్చినా ఇదే ఉపాయం: బ్లింప్ (బి-ఎల్-ఐ-ఎం-పి, గాలి ఓడ) వేస్తే నాలుగు తలలు ఒక్కసారిగా తేలతాయి. హార్డ్ మోడ్‌లో మాత్రం తెలిసిన అక్షరాలను వాడే తీరాలి కాబట్టి ఈ దారి మూసుకుపోతుంది. అక్కడ ఇలాంటి తోక రెండో ప్రయత్నంలోనే ఆకుపచ్చ కాకుండా చూసుకోవాలి.

బహువచనాల విషయం కూడా తెలుసుకోవాలి. చివర ఎస్ తగిలించిన మామూలు బహువచనాలను ఊహగా వేయవచ్చు, కానీ జవాబుల మొదటి జాబితాలో వాటిని దాదాపుగా చేర్చలేదు. ఆఖరి ప్రయత్నాన్ని వాటి మీద పెట్టకండి.

జాబితా నుంచి వడకట్టడం

చాలా పదాలు ఒక్కసారిగా కావాలంటే, అంటే పాఠం తయారు చేయడానికో, నుడికట్టు కూర్చడానికో, వన్‌లుక్ వంటి వెతుకులాట నిఘంటువు వాడండి. తెలియని ప్రతి గడికీ ఒక ప్రశ్నార్థకం పెట్టాలి. మూడో గడిలో ఎక్స్ కావాలంటే రెండు ప్రశ్నార్థకాలు, ఎక్స్, మళ్ళీ రెండు ప్రశ్నార్థకాలు. నక్షత్రం గుర్తు పెడితే ఎన్ని అక్షరాలైనా వస్తాయి కాబట్టి పొడవు ఖాయంగా ఉన్నప్పుడు అది వాడకూడదు. చివర కోలన్ పెట్టి ఒక అర్థం రాస్తే ఆ అర్థానికి దగ్గరి పదాలే వస్తాయి.

పదాల జాబితా ఫైల్ చేతిలో ఉంటే స్ప్రెడ్‌షీట్ చాలు. మొదటి నిలువు వరుసలో పదాలు, రెండోదానిలో లెన్ ఫార్ములాతో పొడవు, తర్వాతి వాటిలో కావాల్సిన ఒక్కో అక్షరానికీ ఒక సెర్చ్ ఫార్ములా. అక్షరం ఉంటే దాని స్థాన సంఖ్య వస్తుంది, లేకపోతే ఎర్రర్. ఫలానా గడిలోనే ఉండాలంటే, చెప్పిన స్థానంలోని అక్షరాన్ని తీసిచ్చే మిడ్ ఫార్ములా. పొడవు 5, ఎర్రర్ లేనివి అని ఫిల్టర్ పెడితే పని అయిపోతుంది. నాలుగక్షరాల పదం ఐదుగా లెక్కకు వస్తోందంటే దాని వెనక కనబడని ఖాళీ ఉన్నట్టు. ముందు ట్రిమ్ వాడి శుభ్రం చేయండి. సెర్చ్ మొదట కనబడిన చోటునే చెబుతుంది కాబట్టి ఒకే అక్షరం రెండుసార్లున్న పదాలను అది పట్టివ్వదు. పేర్లు, ఊళ్ళు, సంక్షిప్త రూపాలు జాబితాలో కలిసి ఉంటాయి, వాటిని ఆటలు ఒప్పుకోవు.

అర్థం రాసుకునే తీరు

పదం ఎదురుగా ఒక్క తెలుగు మాట రాసి వదిలేస్తే రెండు వారాల్లో కలగాపులగం అవుతుంది. అది నామవాచకమా, క్రియా, విశేషణమా అని ముందు రాయండి. క్వెయిల్‌కు పిట్ట అని మాత్రమే రాసుకున్నవారికి "అతను క్వెయిల్ అయ్యాడు" అన్న వాక్యం అర్థం కాదు. తర్వాత ఏ మాటతో కలిసి వస్తుందో రాయండి: క్వాష్ చేసేది ఉత్తర్వును, క్వెల్ చేసేది తిరుగుబాటును, న్యాష్ చేసేది పళ్ళను. ఆ జత తెలిస్తే అర్థం దానంతటదే గుర్తొస్తుంది. అక్షరాల వారీగా కాకుండా తోకల వారీగా పేజీలు కేటాయిస్తే కొత్త పదం వచ్చినప్పుడల్లా పాతవి కూడా కళ్ళబడతాయి.

స్పెల్లింగ్ ఏ దేశానిదో కూడా పక్కన రాయాలి, ఎందుకంటే పొడవే మారిపోతుంది. కలర్, ఆనర్, లేబర్, రూమర్, వేపర్, ఆర్మర్ అమెరికా స్పెల్లింగ్‌లో ఐదక్షరాలు, బ్రిటిష్ స్పెల్లింగ్‌లో యు చేరి ఆరు. 2022 మొదట్లో వర్డల్ జవాబులుగా ఫేవర్, హ్యూమర్ ఐదక్షరాలతో వచ్చినప్పుడు బ్రిటన్ ఆటగాళ్ళు చికాకుపడింది అందుకే. మోల్డ్ (బూజు, అచ్చు) దీనికి తిరగబడుతుంది: బ్రిటిష్‌లో ఎం-ఓ-యు-ఎల్-డి ఐదు, అమెరికాలో నాలుగే. మీటర్, లీటర్, ఫైబర్‌లకు పొడవు మారదు గానీ చివరి రెండు గడులు తారుమారవుతాయి: అమెరికాలో ఇ-ఆర్, బ్రిటన్‌లో ఆర్-ఇ. నుడికట్టులో ఈ సందేహం వస్తే వెంటనే సిరాతో నింపకండి. అదే నుడికట్టులో అప్పటికే ఖాయమైన ఇంకో పదం ఏ దేశపు స్పెల్లింగ్‌లో ఉందో చూసి, ఆ ప్రకారం చివరి రెండు అక్షరాలు రాయండి.